తెర ఎర్రబడ్డ శుక్రవారం

2017 మే 12. శుక్రవారం. ఎండ నిప్పులు కురిపిస్తున్న వేళ. గుంటూరు జిల్లాలోదో చిత్తూరు జిల్లాలోదో, ఒక పోలీస్ స్టేషన్. రైటర్ బల్ల మీద దుమ్ము పట్టిన కంప్యూటర్. దాని పక్కనే ఎత్తుగా పేర్చిన కేసు కట్టలు. రైటర్ ఏదో ఫైలు తెరవబోయాడు, తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాడు, అదీ తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్ల చివర ఎప్పుడూ చూడని అక్షరాలు వేలాడుతున్నాయి. అంతలో తెర మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి లేచింది.

ఆ గది, ఆ రైటర్ నా ఊహ. తెర మీద లేచిన ఎర్ర పెట్టె మాత్రం ఊహ కాదు. దానికి ఎడమ పక్కన రెండు గడియారాలు వెనక్కి తిరుగుతుంటాయి. మూడు రోజుల్లో 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టాలని మొదటి గడియారం హెచ్చరిక. ఆనాటి లెక్కలో దాదాపు 19 వేల రూపాయలు. ఆ గడువు దాటితే సొమ్ము రెట్టింపు. ఏడు రోజులు దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోమని రెండో గడియారం బెదిరింపు. కుడి మూలలో భాష ఎంచుకునే చిన్న జాబితా ఉంటుంది, అందులో 28 భాషలు. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. మన స్టేషన్లో కూర్చున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదది. ఆ మనిషి ఒకడున్నాడని రాసినవాళ్లకు తెలియనైనా తెలియదు. అయినా అతని బల్ల దాకా వచ్చింది.

దాని పేరు వానాక్రై. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని ఆ వారాంతంలో వార్తలు వచ్చాయి. విండోస్ కంప్యూటర్లకే దెబ్బ తగిలిందని, ముందు జాగ్రత్తగా మిగతావాటిని ఆపేయమన్నామని అప్పటి డీజీపీ నండూరి సాంబశివరావు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్నిటి పేరు కూడా ఆ జాబితాలో చేరింది. భక్తుల సేవలకు మాత్రం ఆటంకం కలగలేదు. దొంగను పట్టే స్టేషనుకే దొంగ వచ్చాడని జనం చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ వార్తల్లో మనసును పట్టి కుదిపిన పేరు వేరే ఉంది. కేరళ వయనాడ్ జిల్లాలోని తరియోడ్ గ్రామ పంచాయతీ. ఒక మామూలు పల్లె ఆఫీసు. సోమవారం పొద్దున సిబ్బంది తలుపు తీసి కంప్యూటర్ వేస్తే అవే గడియారాలు తిరుగుతున్నాయి. లండన్ ఆసుపత్రులను స్తంభింపజేసిన విపత్తే తరియోడ్ బల్ల మీదా కూర్చుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ స్టేషన్లలో ఎవరో అడ్డమైన మెయిల్ తెరిచారని, పనికిమాలిన సైట్లు చూశారని అప్పట్లో చాలామంది నింద వేశారు. వానాక్రై వ్యాపించిన పద్ధతి అది కాదు. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకోవడానికి వాడే దారిలో ఒక లోపం ఉండేది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆ లోపాన్ని కనిపెట్టి, దాన్ని ఆయుధంగా మలిచి దాచుకుంది. షాడో బ్రోకర్స్ అనే ముఠా చేతికి అది చిక్కి, 2017 ఏప్రిల్ 14న లోకం మీద పడింది. వానాక్రై ఆ దారినే వాడింది. నెట్‌వర్క్‌లో ఒక్క కంప్యూటర్‌లో దూరితే చాలు, పక్కవాటిని అదే వెతుక్కుంటూ పోతుంది. మనిషి వేలు కదలనక్కర లేదు.

మరి అడ్డుకట్ట లేదా? ఉంది. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మార్చి 14నే విడుదల చేసింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో 59 రోజులు. ఆ అప్‌డేట్ ఉచితం. దాన్ని దించుకోనిచ్చి, ఒక్కసారి రీస్టార్ట్ చేసిన కంప్యూటర్ జోలికి వానాక్రై ఆ దారిన రాలేకపోయింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఆ అప్‌డేట్ పడని విండోస్ 7 యంత్రాలు. దాడిని ఆపింది కూడా పెద్ద సంస్థ ఏదీ కాదు. ఇంగ్లండ్‌లో మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల కుర్రాడు ఆ వైరస్ కోడ్‌లో అర్థం పర్థం లేని వెబ్ చిరునామా ఒకటి చూశాడు. అది ఎవరి పేరా లేదని తెలిసి, పదకొండు డాలర్లలోపు ఖర్చుతో తన పేర నమోదు చేసుకున్నాడు. ఆ చిరునామా పలకగానే వైరస్ పాకడం మానేసింది. మొత్తం మీద 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. చిక్కుకున్నవి చిక్కుకున్నట్టే ఉండిపోయాయి.

నన్ను ఇప్పటికీ వేధించేది ఆ 59 రోజులే. ఆ రెండు నెలలూ ఆ కంప్యూటర్ల ముందు మనుషులు కూర్చున్నారు, పని చేశారు, సాయంత్రం ఆపి ఇంటికి పోయారు. అప్‌డేట్ గడప దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానిచ్చిన వాళ్లు లేరు.

ఎందుకు రానివ్వలేదో తెలియాలంటే మన చిన్న ఆఫీసుల్లో ఒక పూట కూర్చోవాలి. మన వైపు రొద్దం, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఊళ్లే తీసుకోండి. మీసేవ గది, డాక్యుమెంట్ రైటర్ దుకాణం, జీఎస్టీ లెక్కలు చూసే ఆడిటర్ గది, పట్టుచీరల షాపు వెనక బిల్లులు కొట్టే మూల. ఎక్కడ చూసినా మూడో నాలుగో కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక ఆపరేటర్. కంప్యూటర్లు చూసుకోవడానికంటూ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఎక్కడా ఉండడు. ఈ ఆఫీసుల్లో జరిగినవాటిని ఒకే గదిలోకి చేర్చి, పేర్లు లేకుండా చెబుతున్నాను. గది రొద్దంలో ఉందనుకోండి.

ఆపరేటర్ అమ్మాయి పాసుపుస్తకం కాపీలు స్కాన్ చేస్తోంది. తెర కింద మూలన హెచ్చరిక పెట్టె లేచింది. చూడకుండానే మూసేసింది. పెనుకొండ నుంచి ప్రింటర్ బాగు చేయడానికి వచ్చిన మెకానిక్ అది చూశాడు.

"ఏమ్మా, అదేందో చదవకుండానే మూసేస్తివి?"

"దినామూ వస్తాందన్నా. మూసేసి పని చేసుకుంటాం."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఉగాది కాడ్నుంచి."

మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు కంప్యూటర్లకని కొన్న ఆంటీవైరస్ గడువు తీరి నెలలైంది. ఒక కంప్యూటర్‌లో దానికి తోడు ఎవరో ఇంకో ఉచిత ఆంటీవైరస్ కూడా వేశారు. రెండూ ఒకే పనికి పోటీ పడి యంత్రాన్ని నత్తనడక నడిపిస్తున్నాయి. విండోస్ అప్‌డేట్ చూస్తే అదీ ఆగిపోయి ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ డేటా అయిపోతుందని ఎవరో 'మీటర్డ్ కనెక్షన్' అని పెట్టి వదిలేశారు. అలా పెడితే విండోస్ చాలా అప్‌డేట్లను దించుకోకుండా కూర్చుంటుంది. దానికి తోడు రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తారు. సగం దిగిన అప్‌డేట్ సగంలోనే ఉండిపోతుంది. పొద్దున వేయగానే రీస్టార్ట్ అడుగుతుంది. బయట బెంచీ మీద పదిమంది ఎదురుచూస్తుంటే ఎవరు రీస్టార్ట్ కొడతారు?

ఓనరు లోపలి నుంచి వచ్చాడు. "ఈసారి మంచి పెద్దది వేయప్పా. రేటు ఎంతైనా కానీ. మళ్లీ నేను దాని ముఖం చూడకూడదు."

"పెద్దది వేస్తా అన్నా. అది దినామూ ఏదో ఒకటి అడుగుతాది. చూసేదానికి ఒక మనిషి ఉండల్ల. నీ కాడ ఎవరుండారు?"

ఓనరు మాట్లాడలేదు. ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు ఏది బలమైనదని అడుగుతారు. చిన్న ఆఫీసు అడగాల్సింది వేరు. ఎవరూ పట్టించుకోని రోజున కూడా నడిచేది ఏది?

పట్టించుకోకపోతే పెద్ద సంస్థకైనా ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ సర్వర్‌లోకి చొరబడి 12.48 కోట్లు కాజేశారు. ఆ డబ్బును వందకు పైగా ఖాతాల్లోకి చిమ్మి, దేశమంతటా ఏటీఎంలలో తీసేశారు. రెండు నెలల దర్యాప్తు తర్వాత అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ వివరాలు బయటపెట్టారు. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. ఆ కంప్యూటర్లలో దూరంనుంచి ఆడించే దొంగ ప్రోగ్రామ్ కూర్చుంది, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ అవతలికి చేరవేసింది. రెండు నెలలు మాటు వేసి, వారాంతం చూసుకుని దెబ్బ కొట్టారు. సర్వర్‌లో ఏమైనా మార్చగల సూపర్ యూజర్ ఖాతాలు రెండో మూడో ఉండాల్సిన చోట పది ఉన్నాయని, ఫైర్‌వాల్‌కు సరైన లైసెన్స్ లేదని పోలీసులు తేల్చారు. 2023లో రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకు మీద 65 లక్షల జరిమానా వేసింది. బ్యాంకుకే ఈ గతి పట్టిందంటే, ఉగాది నుంచి పెట్టె మూసేస్తున్న మన ఆపరేటర్‌ను తప్పుపట్టే నోరు నాకు లేదు.

మరీ పెద్దది కొంటే వచ్చే చిక్కు ఇంకోటి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో చతికిలపడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఊరూరా తిరిగింది. అది వైరస్ దాడి కాదు, కాపలా కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేరే చేసిన పని. చాలా యంత్రాల దగ్గరికి ఒక మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలును చేత్తో తీసేస్తే గానీ అవి లేవలేదు. విమానాశ్రయానికి ఆ మనుషులున్నారు. రొద్దానికి ఆ మనిషి రావాలంటే పెనుకొండలో బస్సు ఎక్కాలి.

మన మెకానిక్ ఆ మధ్యాహ్నం చేసిన పని చూస్తే గొప్పగా ఏమీ కనిపించదు. గడువు తీరినదాన్నీ రెండోదాన్నీ తీసేశాడు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ లేచి కూర్చుంది. గడియారం పక్కన చిన్న డాలు బొమ్మ మీద పచ్చ టిక్కు వచ్చింది. ఓనరుకు అనుమానం తీరలేదు.

"ఉత్తగా వచ్చింది ఏం కాస్తాదప్పా?"

ఆ అనుమానం పదేళ్ల కిందట సరైనదే. ఇప్పుడు కాదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ సంస్థలు ఆంటీవైరస్‌లన్నిటినీ ఒకే తూకంలో పరీక్షిస్తుంటాయి. వాటిలో డిఫెండర్ కొన్నేళ్లుగా డబ్బు పెట్టి కొనేవాటి సరసనే నిలుస్తోంది. దానికి లైసెన్స్ గడువు లేదు, రెన్యూవల్ పెట్టె లేవదు, విండోస్ అప్‌డేట్‌తోనే తానూ మారుతుంది. మన దేశంలో పుట్టిన మంచి సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. పుణేలో రిపేరు దుకాణంగా మొదలై ఎదిగిన క్విక్ హీల్, 1991లో చెన్నైలో పుట్టిన కే7. ఏటా తప్పకుండా డబ్బు కట్టి, నెలకోసారి తెరిచి చూసే అలవాటున్న ఆఫీసు వాటిని నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆ అలవాటు లేని ఆఫీసుకు డిఫెండరే తగింది. ఇది నా నిశ్చితాభిప్రాయం.

తర్వాత మెకానిక్ డిఫెండర్‌లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే మీట వేశాడు. ఇది మామూలుగా ఆపి ఉంటుంది, మనమే వేయాలి. వానాక్రై దెబ్బ తగిలిన ఏడాదే అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన సదుపాయం ఇది. డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో చెయ్యి పెట్టే ప్రతి ప్రోగ్రామ్‌నూ ఆపి, నమ్మకమైనదేనా అని చూస్తుంది. వేసిన కాసేపటికే లెక్కల ప్రోగ్రామ్ టాలీని ఆపేసింది. ఆపరేటర్ గాభరా పడింది. మెకానిక్ టాలీని నమ్మకమైన ప్రోగ్రామ్‌ల జాబితాలో చేర్చాడు, మళ్లీ ఆ గొడవ రాలేదు. చాలామంది ఈ మొదటి గొడవకే భయపడి మీట కట్టేస్తారు. అక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఇది డిఫెండర్ ముఖ్య ఆంటీవైరస్‌గా ఉన్నప్పుడే పనిచేస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రోజూ వాడే ఖాతాను అడ్మిన్ నుంచి మామూలు యూజర్‌గా మార్చాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనరు దగ్గరే. ఇక చాలా ప్రోగ్రామ్‌లు ఎక్కించాలంటే ఆపరేటర్ ఓనరును పిలవాలి. మొదట్లో విసుగే. కానీ 'కస్టమర్ కేర్' అని ఫోన్ చేసి దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ దించమనే దొంగకు, పెళ్లి ఫొటోల పెన్‌డ్రైవ్‌లో వచ్చే వైరస్‌కు ఈ ఒక్క మార్పుతో కొంతవరకు కాళ్లు కట్టినట్టే. మీటర్డ్ కనెక్షన్ తీసేశాడు. శనివారం రాత్రి ఒక్కరోజు కంప్యూటర్లు ఆపకుండా, మెయిన్ కట్టకుండా వదిలేయమన్నాడు. దిగాల్సినవి దిగి, రీస్టార్ట్ అవ్వాల్సినవి బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు అవుతాయి.

మూడో కంప్యూటర్ దగ్గర మాత్రం మెకానిక్ చాలాసేపు ఆగాడు. అందులో ఉన్నది క్రాక్ చేసిన విండోస్. ఆ క్రాక్ ఎక్కించేటప్పుడే ఆంటీవైరస్‌ను ఆపమంటుంది. కాపలా కుక్కను కట్టేసి తలుపు తీయడం లాంటిది. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వేసినా దాని కింద నేలే నమ్మదగింది కాదు.

"అన్నా, డబ్బు పెట్టాలనుకుంటే ఈడ పెట్టు. ఆంటీవైరస్‌కు కాదు."

ఓనరు లెక్క వేసుకున్నాడు. ఆ నెల కుదరదన్నాడు. ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తీసేసి, టైపింగుకూ ప్రింటుకూ మాత్రమే ఉంచారు. ఇలాంటి రాజీలు చిన్న ఆఫీసులో తప్పవు. సరిగ్గా చేసుకున్న రాజీ కూడా రక్షణే.

చివరిగా హార్డ్ డిస్క్. ఓనరు దగ్గర ఒకటుంది, ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. వానాక్రై లాంటిది వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నూ వదలదు. వారానికోసారి పెట్టి, కాపీ చేసి, పీకి బీరువాలో పెట్టాలి. 2019 ఏప్రిల్ నెలాఖరులో తిరుపతి కేంద్రంగా నడిచే మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థతో సహా రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంల మీద ఇలాగే ఫైళ్లు బిగించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పడింది. ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపు నిలిచిపోయింది. రొద్దంలో కరెంటు వాడే ప్రతి ఇల్లూ ఆ సంస్థ లెక్కల్లోదే. అలాంటి రోజున ఏ ఆఫీసునైనా నిలబెట్టేది విడిగా దాచిన కాపీయే. డబ్బు కడితే ఫైళ్లు తిరిగొస్తాయన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు. ఆ ఎర్ర పెట్టె కూడా దొంగ మాటే కదా.

పాఠకులకు ఒక విన్నపం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న సొంత కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు గడువు ఇచ్చారు. మన ప్రాంతంలో చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ విండోస్ 10, అక్కడక్కడ విండోస్ 7 కూడా నడుస్తున్నాయి. రేపు ఆఫీసు తెరవగానే కీబోర్డు మీద విండోస్ బొమ్మ మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో 'విన్‌వర్' అని ఇంగ్లిషు అక్షరాల్లో (winver) కొట్టి ఎంటర్ నొక్కండి. మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో అదే చెబుతుంది. 7 అని కనబడితే ఆ యంత్రాన్ని వెంటనే నెట్ నుంచి తీసేయండి. 10 అని కనబడితే అదనపు గడువుకు నమోదైందో లేదో చూసుకుని, 11కు మారే ఏర్పాటు వీలైనంత త్వరగా చేసుకోండి. మీ డబ్బుకో ఫైళ్లకో అప్పటికే దెబ్బ తగిలి ఉంటే ఎవరికీ పైసా కట్టకుండా ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.